ఎడమ కనుబొమ్మ మీది తురాయి

డ్రెస్సుల దుకాణం పెద్దాయన పోయిన పదకొండో రోజు భోజనాలకు వెళ్ళాను. వాకిట్లో షామియానా కింద ఒక కుర్చీ వేసి, దానిమీద దండ వేసిన పెద్ద ఫోటో పెట్టారు. ఫోటోలో ఆయన నల్లకోటు తొడుక్కుని, ఎర్ర టై కట్టుకుని ఉన్నారు. జన్మలో కోటు తొడగని మనిషి! మన ఫోటో స్టూడియోల వాళ్ళకు ఇదొక అలవాటు. పోయిన మనిషి ముఖం మాత్రం తీసుకుని, మెడ కింద తమ దగ్గర సిద్ధంగా ఉన్న కోటు ఒకటి అతికించేస్తారు. రైతు పోయినా అదే కోటు, పూజారి పోయినా అదే కోటు. అది చాలదన్నట్టు ఈసారి కంప్యూటర్లో కోటును అటుదిటు తిప్పేసినట్టున్నారు. మగవాళ్ళ కోటుకు కుడి అంచున ఉండాల్సిన గుండీలు ఎడమ అంచుకు వచ్చాయి. ఈ తేడా నాకు నేర్పింది ఆ ఫోటోలోని మనిషే.

విస్తరి ముందు కూర్చుని నవ్వాపుకోలేక చచ్చాను. "ఏమైంది టీచరమ్మా?" అని ఆయన కోడలు కంగారుగా వచ్చింది. పొలమారిందన్నాను. ఆయనే గనక ఆ ఫోటో చూసి ఉంటే దాన్ని చంకలో పెట్టుకుని స్టూడియో దాకా నడిచి వెళ్ళి, కౌంటర్ మీద నిలబెట్టి, "గీ మనిషెవరు?" అని అడిగి ఉండేవారు. ఆ తలపు వచ్చాక నవ్వు పోయి కళ్ళు చెమర్చాయి. పక్కావిడ మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

చిలకలగూడలో ఒక సన్నటి సందులో ఆయనకు డ్రెస్సుల దుకాణం ఉండేది. నాటకాలకు, బడి వార్షికోత్సవాలకు, ఒకప్పుడు సినిమాలకు కూడా వేషాలు అద్దెకిచ్చేవారు. నేను మల్కాజ్‌గిరిలో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని. ఏటా వార్షికోత్సవం వస్తోందంటే నాటకం భారం నా నెత్తిన పడేది, నేను బస్సెక్కి ఆయన నెత్తిన పడేదాన్ని. ఇరవై ఏళ్ళకు పైగా అలా సాగింది. ఆ ఇరవై ఏళ్ళలో మేం పోట్లాడుకోని ఏడాది లేదు.

మిగతా దుకాణాల్లో ముందు సైజు అడుగుతారు. ఈయన, "ఏ రాజు? ఏ కాలం?" అని అడిగేవారు. ఒకసారి నా ముందే ఒక తల్లి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

"ఏదో ఒక రాజు డ్రెస్ ఇవ్వండి అంకుల్, రేపే ఫ్యాన్సీ డ్రెస్ కాంపిటీషన్."

"ఏదో ఒక రాజు ఉండడమ్మా. పేరు గల్ల రాజే ఉంటడు."

ఆ తల్లికి గబుక్కున ఏ రాజూ గుర్తుకు రాలేదు పాపం. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, రాజుల్ని వరసగా చెప్పి, ఎవరి కాలంలో ఏ బట్ట ఉండేదో, ఏ బట్ట ఉండేది కాదో వివరించారు. చివరికి ఆమె, "పోనీ సీతాకోకచిలుక ఉందా?" అంది. దానికి మాత్రం ఆయన ఒక్క ప్రశ్నా వేయకుండా తీసి ఇచ్చేశారు.

అద్దెకిచ్చిన ప్రతి వేషంతో పాటు ఒక చీటీ ఇచ్చేవారు. "వాచీ వద్దు. బూట్లు వద్దు. చేతికి కట్టిన దారాలు తీసెయ్యాలె. కళ్ళద్దాలు డాక్టర్ పెట్టుకోమంటే పెట్టుకోవచ్చు." మా బడిలో ఒక శ్రీకృష్ణుడు ఆ చీటీ చదివి భయపడి, తల్లి కట్టిన తాయెత్తు విప్పేసి, తర్వాత ఇంట్లో తన్నులు తిన్నాడు.

ఆయనతో సినిమాకు వెళ్ళడం అంత నరకం మరొకటి లేదు. చరిత్ర సినిమా వచ్చిందంటే నాకు ఫోన్ చేసేవారు. మా ఆయన ఒక్కసారి మాతో వచ్చి, ఇక జన్మలో రానని ఒట్టు పెట్టుకున్నారు. తెరమీద రాణి కత్తి దూసి శత్రువుల మీదికి ఉరుకుతుంటే, హాలంతా ఈలలు వేస్తుంటే, ఈయన లేచి నిలబడి, "టీకా మచ్చ! జబ్బ మీద టీకా మచ్చ జూడుండ్రి!" అని అరిచేవారు. సైనికుడి మణికట్టు మీద వాచీ పెట్టుకునే చోట తెల్లటి చార, మంత్రిగారి అంగరఖా వెనక జిప్పు, ఏదీ ఆయన కంట పడకుండా పోయేది కాదు. ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగి తిట్టేవారు. నేను ఆయన నాకేమీ కానట్టు పక్క సీట్లోకి జరిగి కూర్చునేదాన్ని.

ఈ పట్టింపు ఎక్కడిదని అడిగితే బొల్లారం చూపించేవారు. వాళ్ళ నాయన అక్కడి పల్టన్‌కు బట్టలు కుట్టేవారట. "ఒక్క గుండీ తప్పు కుడితే శిక్ష మా నాయనకు గాదు టీచరమ్మా, తొడుక్కున్న సిపాయికి. తప్పొకడిది, ఎండల నిలవడేటోడు ఇంకొకడు. గందుకే మా నాయన కుట్టింది మల్ల మల్ల జూసుకునేటోడు." చాలాకాలం నేనూ ఆ కారణమే అనుకున్నాను.

అలాగని కట్టుకథల మీద ఆయనకు ఏ కోపమూ లేదు. మాయలు, మంత్రాలు, మాట్లాడే చిలుకలు ఉన్న సినిమా అయితే పాప్‌కార్న్ తింటూ హాయిగా చూసేవారు. "గుర్రానికి రెక్కలు పెట్టుకో, నాకేం తక్లీఫ్ లేదు. గని చరిత్ర అని బోర్డు గట్టినవనుకో, ఇగ ప్రతి గుండీకి జవాబు చెప్పాలె."

నేను తెలుగు టీచర్ని, ఊరుకుంటానా! "అదేంటన్నా, మన పురాణాలే ఊరికొక రకంగా చెప్పుకున్నాం. ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పలేదు. సినిమావాడు మాత్రం రాయి మీద చెక్కినట్టే తీయాలా?" అనేదాన్ని.

"చెప్పుకున్నరు. నేను గాదంటున్ననా? గని కత చెప్పెటోడు, నేను విన్నది గిట్ల అంటడు. సిన్మా ఏమంటది? గిట్లనే అయింది, నీ కండ్లతోని జూడు అంటది. ఫరక్ లేదా?"

ఫరక్ ఉంది. అయినా ఒప్పుకోకుండా, టీ చల్లారిపోతోందని మాట మార్చేశాను.

మా తగువులన్నిటిలోకీ పెద్ద తగువు ఒక రాజు గురించి వచ్చింది. ఆ రాజు పేరు నేను చెప్పను. చెబితే మా రాజంటే మా రాజని రెండు వర్గాలవాళ్ళు మా ఇంటి మీదికి వస్తారు, మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ తక్కువ. తెలంగాణలో ఒక చిన్న కోటను ఏలిన దొర అనుకోండి, చాలు. చూడగానే ఎవరైనా గుర్తుపడతారు, ఎందుకంటే ఆయన తురాయి ఎడమ కనుబొమ్మ మీదికి వాలి ఉంటుంది. తలపాగాకు నడిమధ్యన నిలబడాల్సిన నెమలీకల కుచ్చు, వెండి చంద్రవంకతో సహా ఎడమ పక్కకు జారి సగం నుదురు కప్పేస్తుంది. క్యాలెండర్లలో అంతే, కూడలిలోని విగ్రహానికీ అంతే. ఒక సభలో ఒక వక్త, గుండె ఎడమ పక్కన ఉంటుంది కాబట్టి ప్రజలు తన గుండెల్లో ఉన్నారని చెప్పడానికే రాజు తురాయిని అటు ధరించాడని గంటసేపు చెప్పగా నేనూ చప్పట్లు కొట్టాను.

ఒక ఏడాది మా బడిలో ఆ రాజు నాటకం వేశాం. అంగరఖా ఇచ్చారు, నడికట్టు ఇచ్చారు, కత్తి ఇచ్చారు. తురాయి అడిగితే లేదన్నారు. అద్దాల బీరువాలో నాకు మూడు కనబడుతున్నాయి.

"అవేంటన్నా మరి?"

"అవి వేరే రాజులవి."

"అందులోంచి ఒకటివ్వండి, ఎడమకు వాలుగా నేనే కుట్టుకుంటాను."

"గట్ల కుట్టవద్దు! ఆ రాజుకు తురాయి లేదు!" అంటూ ఆయన గొంతు ఎంత పెంచారంటే, పక్క కిరాణా కొట్టాయన తొంగి చూశాడు. నాకు రోషం వచ్చింది. ఊరూవాడా తెలిసిన తురాయి ఈయనొక్కరికే తెలియదా? చివరికి మా రాజు ఉత్త నూలు తలపాగాతో స్టేజీ ఎక్కాడు. పాలవాడిలా ఉన్నాడని తల్లిదండ్రులు గొడవ చేశారు, హెడ్‌మాస్టర్ నాకు మెమో ఇచ్చినంత పని చేశారు. ఆ తర్వాత ఆర్నెల్లు నేను ఆ సందులోకి వెళ్ళలేదు.

అసలు సంగతి తెలిసింది, నేను రిటైరయ్యాక, ఆయన దుకాణం దాదాపు మూతబడే రోజుల్లో. పిల్లల వేషాలన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. ఊరికే పలకరించి వద్దామని ఒక మధ్యాహ్నం వెళ్ళాను. సందు మొదట్లో పెద్ద కారు ఆగి ఉంది. దుకాణంలో ఒక కుర్ర డైరెక్టర్, ఇద్దరు అసిస్టెంట్లు. ఆ రాజు మీదే కొత్త సినిమా తీస్తున్నారట. యాభై ఏళ్ళ కిందట వచ్చిన పాత సినిమాకు బట్టలు కుట్టిన వాళ్ళలో ఈయనొక్కరే మిగిలారని తెలిసి వెతుక్కుంటూ వచ్చారు.

"సార్, మేం హండ్రెడ్ పర్సెంట్ ఆథెంటిక్‌గా వెళ్తున్నాం. పాత సినిమాలో తురాయి ఎలా ఉందో ఎగ్జాక్ట్‌గా అలాగే కావాలి. మీ చేత్తోనే చేయాలి," అన్నాడు డైరెక్టర్. అబ్బాయి మంచివాడే. పెద్దాయన కాళ్ళకు దండం కూడా పెట్టాడు.

ఆయన స్టూలు మీద నుంచి లేచి, నా వైపు ఒకసారి చూసి, "ఆ తురాయి రాజుది గాదు బిడ్డా," అన్నారు. "నాది."

అప్పుడాయనకు ముప్పై నిండలేదు. తన ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటున్నారు. షూటింగ్ నాడు పొద్దున ఉస్తాద్‌కు జ్వరం, సెట్‌లో ఈయనొక్కరే. హీరో కారు దిగాడు. ఎడమ కనుబొమ్మ పైన నిమ్మకాయంత బొప్పి. ఆ బొప్పి ఎలా వచ్చిందో నాకు తర్వాత విడిగా చెప్పారు గానీ, అది ఆ హీరో ఇంటి విషయం, మనకెందుకు? వేసిన సెట్టు, పిలిపించిన ఏనుగు, రెండొందల మంది జనం. మేకప్ ఎంత పూసినా బొప్పి దాగదు. ఏదో ఒకటి చెయ్యమని అందరూ ఈయన మీద పడ్డారు. చేతికి దొరికిన నెమలీకలు కట్టి, చంద్రవంక జోడించి, తలపాగాకు ఎడమ పక్కన బొప్పి కప్పేలా కుట్టేశారు. బొప్పి వారానికి తగ్గింది. కానీ అప్పటికే ముఖ్యమైన సీన్లన్నీ తీసేశారు కాబట్టి తురాయి అక్కడే ఉండిపోయింది.

సినిమా ఏడాది ఆడింది. ఆ సంబరంలో ఈయన బస్సెక్కి ఆ రాజుగారి ఊరు చూసొద్దామని వెళ్ళారు. అక్కడ రాజు కాలంలోనే చెక్కిన రాయి ఒకటి ఉంది. రాతిమీద రాజు ఉత్త తలపాగాతో, నుదురు మొత్తం కనబడేలా నిలబడి ఉన్నాడు. తురాయి లేనే లేదు. "రాయి ముందర నిలవడితే రాజు నా దిక్కే జూస్తున్నట్టు అనిపించింది," అన్నారు.

ఫోన్‌లో వీడియో తీస్తున్న అసిస్టెంట్ మెల్లిగా ఆపేశాడు. నాకు మాత్రం ఇరవై ఏళ్ళ టీకా మచ్చలు, జిప్పులు, చీటీలు అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఊరందరి గుండీలు దిద్దుతూ ఈయన తన తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నారు. అంతకాలం ఆయన్ను చాదస్తుడని వెక్కిరించినందుకు సిగ్గేసింది.

డైరెక్టర్ తేరుకున్నాడు. "కానీ అంకుల్, విగ్రహానికి కూడా ఎడమవైపే ఉంది కదా?"

"విగ్రహం సిన్మా జూసి చేసిండ్రు బిడ్డా."

"మేం సినిమా విగ్రహం చూసి తీస్తున్నాం అంకుల్. ఫస్ట్ లుక్ కూడా వదిలేశాం. ఇప్పుడు తురాయి తీసేస్తే చరిత్రను అవమానించామని థియేటర్ల ముందు ధర్నాలు చేస్తారు."

"చరిత్రల లేనిది తీసేస్తే చరిత్రకు అవమానమా?"

పెద్దాయన ఆ అబ్బాయి చెయ్యి పట్టుకున్నారు. నేనెప్పుడూ ఆయన ఒకరిని బతిమాలగా చూడలేదు. "నాకు డెబ్బై తొమ్మిదేండ్లు. మల్ల ఈ రాజు సిన్మా తీసేదాంక నేనుంటనా? ఒక్క సీన్ల చాలు. ఇంట్ల కూసొని అన్నం తినేటప్పుడన్నా తురాయి తీస్తడు గద మనిషి? గప్పుడు ఉత్త తలపాగా పెట్టుండ్రి. నుదురు కనవడాలె, అంతే. అది చేస్తనంటే మీ తురాయి సుత నేనే కుట్టిస్త."

డైరెక్టర్ ఆలోచించి సరేనన్నాడు. ఆయన రెండూ కుట్టారు. తురాయి ఒక పూటలో అయిపోయింది. నూలు తలపాగాకు మాత్రం మూడు వారాలు పట్టింది. చేతులు వణుకుతున్నాయి, సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. రాతి మీది మడతలెన్నో లెక్కపెట్టి రాసుకున్న పాత కాగితం ముందు పెట్టుకుని, ఒక్కొక్క మడత సరిచూసుకుంటూ కుట్టారు. ఆ అన్నం సీను తీశామని డైరెక్టర్ స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు ఆయన సందులో అందరికీ ఇరానీ చాయ్ ఇప్పించారు.

సినిమా విడుదలైన రోజు ఉదయం ఆటకు ఇద్దరం వెళ్ళాం. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. తెరమీద ఎడమ తురాయి కనబడగానే జనం కాగితాలు ఎగరేశారు. ఈయన మొదటిసారి చరిత్ర సినిమాలో నోరు మూసుకుని కూర్చున్నారు. ఒక సైనికుడి కాలికి సాక్సు కనబడింది. నేను మోచేత్తో పొడిచాను కూడా. "ఉండనీ," అన్నారు. ఆయన చూపంతా అన్నం సీను కోసమే ఎదురుచూస్తోంది.

ఇంటర్వెల్ తర్వాత అది వచ్చింది. రాజు యుద్ధం నుంచి ఇంటికొచ్చాడు. పీట మీద కూర్చున్నాడు. రాణి అన్నం వడ్డించింది. రాజు తురాయి ఉన్న పాగా తీసి పక్కన పెట్టి, నూలు తలపాగా పెట్టుకున్నాడు. అవే మడతలు. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కెమెరా మెల్లిగా రాజు నుదుటి దగ్గరికి వెళ్ళింది.

ఎడమ కనుబొమ్మ మీద ఇంత పొడుగు కత్తి గాటు.

రాణి ఆ గాయాన్ని చూసి నివ్వెరపోయింది. "ఇన్నేళ్ళూ తురాయి చాటున దాచింది ఇదా?" అంది. ప్రజలు భయపడకూడదని గాయాన్ని దాచుకున్నానన్నాడు రాజు. రాణి ఆ గాయం మీద వేలు పెట్టింది. సంగీతం మొదలైంది. హాల్లో ఈలలు ఆగిపోయి ముక్కులు చీదుకోవడం వినిపించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బొప్పి కథ విని, దాన్నే కత్తిగాటు చేసి రాజు నెత్తిన పెట్టాడా ఆ కుర్రాడు? దిద్దమని చెప్పిన తప్పును దిద్దకపోగా దానికి కారణం కూడా పుట్టిస్తాడా? పెద్దాయన ఏమైపోతారోనని భయంభయంగా పక్కకు చూశాను. ఆయన కండువాతో కళ్ళు తుడుచుకుంటున్నారు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చోబెట్టి, "ఆ అబ్బాయి నంబరివ్వండి, ఇప్పుడే కడిగేస్తాను," అన్నాను.

"వద్దు టీచరమ్మా."

"ఏమిటి వద్దు? మీ యాభై ఏళ్ళ బాధ వాడికి కథా సామగ్రి అయిందా? మీరు ఏడ్చారు కూడా!"

"అబద్ధమని ఏడ్వలే. జెర మంచిగ తీసిండని ఏడ్చిన." కాసేపు రోడ్డు మీది బస్సులు చూస్తూ కూర్చున్నారు. "నేనానాడు ఒక మనిషి నుదురు దాసిన. గీ పోరగాడు దానికి ఒక కత జెప్పిండు. ఇద్దరం ఒక్క తీరే చేసినం. ఇగ నేను వాన్ని ఏ మొకం వెట్టుకొని తిడత?"

ఓడిపోయిన మనిషిలా ఉన్న ఆయన ముఖం చూడటం నాకు కష్టమనిపించింది. ఆ మాట పైకే అన్నాను. "నాకు బాధగా ఉందన్నా," అన్నాను. ఆయన నవ్వి, నా చేతి మీద తట్టారు. లేచి రెండు మెట్లు దిగారు. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగారు. ఆ ముఖంలోకి పాత దుకాణదారు మళ్ళీ వచ్చేశాడు.

"గని ఒకటి తప్పు జేసిండ్రు. గాటు కనుబొమ్మ మీదనే పెట్టిండ్రు. బొప్పి గాడ గాదు," అంటూ వేలితో తన నుదురు చూపించారు. "గీడుండె. అంగుళం పైకి."

ఉదయం ఆట వదిలిన జనమంతా మా పక్కనుంచి మెట్లు దిగిపోతున్నారు. ఆయన నుదుటి మీది వేలు తీయలేదు. నేను చూశానని, సరిగ్గా చూశానని చెప్పేదాకా అక్కడే నిలబడ్డారు.

చూశాను, అన్నా. కనుబొమ్మకు అంగుళం పైన.